మా ఇంటికని ఉంచుకున్న సాలు

మాది గరివిడి దగ్గర పల్లె. చిక్కుడు పండిస్తాం. సంతకు వెళ్లే సాళ్లన్నింటికీ తెగులు మందు కొడతాం గానీ, గట్టు పక్క సాలు మాత్రం మా ఇంటి కూరకని మందు తగలకుండా వదిలేస్తాం. మా ఊళ్లో అందరూ అంతే.

నిరుడు శీతాకాలం ఒక మధ్యాహ్నం ఆ సాలు కాయలే కోసి కూర వండాను. నాలుగేళ్ల మా పాప మారు అడిగి మరీ వేయించుకుంది. అంతలో పొలం నుంచి మా మావగారు వచ్చారు. కంచం చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

“ఆ కాయలెక్కడివే?”

“మన ఇంటి సాలువే మావా.”

ఒక్క అంగలో వచ్చి కంచం లాగి పెరట్లోకి విసిరేశారు. “మచ్చ తెగులు ఆ సాల్నుంచే పాకతన్నాదని నిన్న దానికీ మందు కొట్టేసినాను. నీకు సెప్పడం మర్సిపోనానే!”

ఆటోలో పాపను ఒళ్లో పడుకోబెట్టుకుని, దారంతా దాని కళ్లే చూస్తూ కూర్చున్నాను. ఆసుపత్రిలో సాయంత్రం వరకూ ఉంచారు. అదృష్టం, ఏమీ కాలేదు. డాక్టరమ్మ మాత్రం మా మీద మండిపడింది. “మందు కొట్టిన కాయలు మర్నాడే ఎవరైనా తింటారా?”

మావగారు తల దించుకున్నారు. అప్పుడే ఆయన ఫోన్ మోగింది. సంతలో మా సరుకు అమ్మే వ్యాపారి గొంతు నాకూ వినబడింది. “పొద్దున్న నువ్వంపిన కాయలన్నీ అయిపోనాయి బావా. రేపు ఇంకా ఎక్కువ పంపు.”

అవీ ముందురోజు మందు కొట్టిన కాయలే. ఆ పూట ఎన్ని ఇళ్లలో వండారో, ఎంతమంది పిల్లలు మారు అడిగి వేయించుకున్నారో! ఆ కంచాలు లాగేయడానికి అక్కడ ఎవరూ లేరు.