బల్ల కింద సోపతి

మేముండే మరాఠీ ఊళ్లో, హోట్గి రోడ్‌లో ఒక బంగళా పై అంతస్తులో ప్రతి శనివారం మా అమ్మాయిలాంటి పిల్లలకు నలుగురితో మెలగడం నేర్పేవారు. మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్లు. మాటలు తక్కువ, ఎవరి కళ్లలోకీ చూడదు. డాక్టరు చెప్పాడని, బీడీలు చుట్టడం సగంలో ఆపి, మా ఇల్లున్న కుంఠా నాకా నుంచి ఆటోలో తీసుకెళ్లేదాన్ని.

అక్కడి మేడం నేర్పే మర్యాద చూస్తే ఒళ్లు మండేది. కళ్లలోకి చూడాలి, చేయి కలపాలి, "హౌ ఆర్ యూ" అంటే "ఫైన్" అనాలి. కడుపునొప్పి ఉన్నా ఫైనే. మేడం మా అమ్మాయి గడ్డం పట్టుకుని ముఖం తన వైపు తిప్పుకునేది. తల్లులతో మాట్లాడేటప్పుడు మాత్రం తాను ఫోన్‌లోంచి తల ఎత్తేది కాదు.

ఒక శనివారం ఎవరో పెద్దమనుషులు చూడటానికి వచ్చారు. ఆనాటి పాఠం స్నేహం చేయడం. వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టగానే, ఆ చప్పుడు పడని ఒక పాప చెవులు మూసుకుని బల్ల కిందికి దూరింది. మేడం నవ్వు చెదరనివ్వకుండా పాఠం సాగించింది. మా అమ్మాయి వరుసలోంచి కదిలి, తానూ బల్ల కిందికి వెళ్లి ఆ పాప పక్కన కూర్చుంది. ఏమీ అనలేదు, ముట్టుకోలేదు. కాసేపటికి ఆ పాప చేతులు దించింది.

నా బిడ్డ తనంతట తాను ఒకరి దగ్గరికి వెళ్లడం అదే మొదటిసారి చూశాను. మేడం వంగి దాని చేయి పట్టి లాగింది. షేక్‌హ్యాండ్ ఇచ్చే వంతు దానిదట, ఫొటో తీయాలట.

నేను లేచి అడ్డం వెళ్లాను. "ఇడిసిపెట్టుండ్రి మేడం. మీరు నేర్పేది అది చేస్తనే ఉన్నది గద."

అలా కూర్చోవడం సరైన ప్రవర్తన కాదని ఆమె మరాఠీలో ఒక్కో మాట విడదీసి చెప్పింది, ఇక్కడే పుట్టి పెరిగిన నాకు మరాఠీ అర్థం కాదన్నట్టు. ఆ పాప తల్లి కూడా లేచింది. ఇద్దరం పిల్లలను తీసుకుని మెట్లు దిగిపోయాం.

ఇప్పుడు మా వీధిలో మరమగ్గాల చప్పుడు ఆగిన రోజున ఆ పాప మా ఇంటికి వస్తుంది. నేను కత్తిరించగా మిగిలిన బీడీ ఆకు ముక్కలు ఇద్దరూ నేల మీద పేరుస్తారు. మాట్లాడుకునేది తక్కువే. ఒక్కోసారి తోసుకుని ఏడుస్తారు కూడా.

ఒకరోజు మేడం ఫోన్ చేసింది. కోర్సు పూర్తి చేయకపోతే సర్టిఫికెట్ రాదంది.

"మా పోరికి సోపతి దొరికింది మేడం. ఇగ రాదు," అన్నాను.

ఆమె ఇంకేదో చెబుతుండగానే ఫోన్ పెట్టేసి బీడీల చాట ముందుకు లాక్కున్నాను.