నేను చూడని బస్సు

మా బావ, అంటే మా చెల్లెలి భర్త, చనిపోయిన పొద్దున నేను అతనికి నాలుగడుగులు ముందున్నాను. అనకాపల్లి బైపాస్ పక్కన సర్వీసు రోడ్డు మీద రోజూ ఇద్దరం నడిచేవాళ్ళం. ఆ రోజు మంచు దట్టంగా ఉంది. "ఉండు బావా, సెప్పులో రాయి పడింది" అన్నాడు. నేను ఆగలేదు. ముందు రోజు ఇద్దరికీ ఏదో మాటా మాటా వచ్చింది. వెనక చప్పుడైంది. తిరిగేసరికి బావ తుప్పల్లో ఉన్నాడు, బండి మంచులో కలిసిపోయింది. ఏ బండో నేను చూడలేదు.

పోలీసులకి అదే చెప్పాను. చెల్లెలు మాత్రం ఒప్పుకోలేదు. పెద్దకర్మ నాడు చుట్టాల ముందే అడిగేసింది.

"లైబ్రరీలో ఏ పుస్తకం ఏ బీరువాలో ఉందో సెప్తావు. మనిషిని గుద్దిన బండి సెప్పలేవా అన్నయ్యా? పక్కనే ఉన్నావు గదా!"

చూసి మర్చిపోయాననుకోవడం, అసలు చూడలేదనుకోవడం కన్నా తేలిక. అందుకే, విశాఖపట్నంలో హిప్నటైజ్ చేసే డాక్టరున్నాడని ఎస్సై అన్నప్పుడు, ఎదురు మాట్లాడకుండా ఒప్పుదల కాగితం మీద సంతకం పెట్టాను. జీపులో ఎస్సై అన్నాడు: "ఆ టైముకి ఆ దారిన అచ్యుతాపురం కంపెనీ బస్సులే తిరుగుతాయండి. మీ బుర్రలో ఎక్కడో ఉండే ఉంటది."

డాక్టరు మంచివాడే. టీ ఇప్పించాడు. ఏం చేస్తుంటారని అడిగాడు. లైబ్రరీలో పని అన్నాను. "చదువరులు తొందరగా లోనవుతారు" అని నవ్వాడు. మెచ్చుకోలనుకున్నాను. కుర్చీ వెనక్కి వాల్చి ఊపిరి లెక్కపెట్టించాడు. అది నిద్ర కాదు. ఆయన గొంతు తప్ప మిగతావన్నీ దూరం జరిగాయి. మళ్ళీ ఆ రోడ్డు మీద నడిపించాడు.

"మీ బావగారు పిలుస్తున్నారు. ఆగండి. వెనక్కి తిరిగి చూడండి."

ఆగాను, తిరిగాను. ఆ పొద్దున చెయ్యని పని ఆ కుర్చీలో చేశాను. బావ ఒంటికాలి మీద నిలబడి చెప్పు దులుపుతున్నాడు. అతని వెనక నీలం బస్సు. ముందు అద్దం మూలన పగులు, పగులు మీద తెల్ల టేపు. అన్నీ చెప్పాను. ఏడ్చాను కూడా.

"కోర్టులో ఈ డాక్టరు సంగతి నిలబడదండి. మీకే గుర్తొచ్చిందని రాద్దాం" అన్నాడు ఎస్సై. అలాగే రాశాడు. దానికీ సంతకం పెట్టాను. చెల్లెలు నా చెయ్యి పట్టుకుని, "నువ్వు సూసే ఉంటావని నాకు తెలుసన్నయ్యా" అంది.

టేపు వేసిన బస్సు రెండు రోజుల్లో దొరికింది. డ్రైవరుది కశింకోట దగ్గర పల్లె. అతన్ని స్టేషన్లో మూడు రోజులు కూర్చోబెట్టారు. తర్వాత షెడ్డు కాగితాలు వచ్చాయి: ఆ వారమంతా బస్సు గేరుబాక్సు విప్పి పెట్టి ఉంది. ఆ పగులు, ఆ టేపు నేను లైబ్రరీకి వెళ్తూ జంక్షన్లో ఎన్నోసార్లు చూసినవే. డ్రైవర్ని వదిలేశారు. బస్సుల కాంట్రాక్టరు మాత్రం మళ్ళీ పనిలోకి తీసుకోలేదు.

కొన్ని నెలలకి కశింకోట వెళ్ళే షేర్ ఆటో ఎక్కబోతే, తోలేది ఆ బస్సు డ్రైవరే.

"రండి పంతులుగారూ. కళ్ళు మూసుకుంటే నా బస్సు కనపడిందంట గదా మీకు. ఇప్పుడు కళ్ళు తెరుసుకుని సూసి ఎక్కండి, ఇది ఆటో."

లోపలున్నవాళ్ళు సంగతి తెలీక నవ్వారు. ఎక్కాను. దిగాక, తప్పయిపోయిందన్నాను.

"మీదేటి తప్పు? ఆళ్ళు అడిగేరు, మీరు సెప్పేరు. నన్నే ఎవుడూ అడగలేదు" అని బండి ముందుకి పోనిచ్చాడు.

గుద్దిన బండి దొరకనేలేదు. ఆ బస్సు కాదని తెలిసినా, కళ్ళు మూస్తే నాకు ఆ బస్సే కనిపిస్తోంది. అందుకని ఒక్కదాన్ని పట్టుకున్నాను. చెప్పులో రాయి. అది మాత్రం నాదే, డాక్టరుకి ముందుదే అనుకున్నాను.

సంవత్సరీకానికి వచ్చినవాళ్ళకి చెల్లెలు ఆ మాటే చెబుతోంది. "సివరి మాట అదే. ఆ డాక్టరు పుణ్యాన ఆ ఒక్కటైనా దక్కింది."

"డాక్టరేంటి? బావ పోయిన రోజు ఆసుపత్రిలోనే చెప్పాను గదా నీకు" అన్నాను.

"ఆసుపత్రిలో నువ్వు నోరే ఇప్పలేదు అన్నయ్యా. రాయి సంగతి విశాఖపట్నం నుంచి వచ్చేకే సెప్పేవు."

లోపలి గదిలోకి వెళ్ళి బీరువా తీసి ఎఫ్ఐఆర్ కాపీ చూశాను. ముందు నడుస్తుండగా వెనక శబ్దం వినిపించింది, అని ఉంది. రాయి లేదు. పిలుపు లేదు. నేను అప్పుడు చెప్పలేదో, వాళ్ళు రాసుకోలేదో చెప్పగలిగేవాళ్ళు ఎవరూ లేరు. నన్నయితే అసలు నమ్మడానికి లేదు.

చెల్లెలికి ఆ కాగితం చూపించలేదు. పక్క గదిలో, కొత్తగా వచ్చిన ఎవరికో, చెప్పులో రాయి సంగతి మళ్ళీ మొదటినుంచి చెబుతోంది.