వదిలెయ్యాల్సిన తాడు

మా ఆయన కొన్న మడత పడవ గురించి బస్సులో పక్క సీటావిడతో ఎందుకు మొదలుపెట్టానో గుర్తులేదు. డెట్రాయిట్‌లో ఎక్కిన దగ్గర్నుంచీ చెబుతూనే ఉన్నాను. మధ్యలో పెద్ద పడవ, అటూ ఇటూ రెక్కల్లా రెండు చిన్నవి. మడిస్తే ట్రైలర్ మీద సరిపోతుంది, విప్పితే మా గరాజ్‌లో పట్టదు. ఎనభైల్లో మావాళ్లందరూ కొత్త కార్లు కొంటుంటే ఈయన ఇది కొన్నారు. మోటారు ఆయనది, చుక్కాని ఆయనది. నా వంతు పులిహోర డబ్బా, తెరచాప తాడు. ఆ తాడు గురించి నేర్పింది కూడా ఒక్క ముక్కే: "గట్టిగా పట్టుకో."

ఆవిడ అరవై దాటిన అమెరికన్. అరచేతులు కాయలు కాచి ఉన్నాయి.

"ఆయన నీళ్లలో పడితే మోటారు ఆపడం మీకొచ్చా?" అంది.

రాదన్నాను.

"దానికో ఎర్ర తాడు వేలాడుతుంటుంది. లాగెయ్యండి, ఆగిపోతుంది."

తర్వాత తన మెడలోని స్కార్ఫ్ తీసి, ఒక కొస నా చేతికిచ్చి, రెండో కొస పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. నేను ఇంకా బిగించి పట్టుకున్నాను.

"అందరూ ఇంతే," అంది విసుగ్గా. "గాలి గట్టిగా కొడితే తాడు వదిలెయ్యాలి, లేకపోతే పడవ బోల్తా పడుతుంది. ఏదీ, మళ్లీ."

లాన్సింగ్ వచ్చేదాకా గుంజుతూనే ఉంది. నాకు ఒళ్లు మండిపోయి పేరు కూడా అడగలేదు.

ఆ శనివారం సరస్సు మధ్యలో గాలి ఒక్కసారిగా కొట్టింది. పడవ ఒక పక్కకి లేచిపోయింది. "గట్టిగా పట్టుకో," అని మా ఆయన అరిచారు.

నేను వదిలేశాను. తెరచాప టపటపా కొట్టుకుంది. పడవ నెమ్మదిగా నీళ్ల మీద సర్దుకుంది.

ఆ పూట పులిహోర ఆయనే వడ్డించారు.