చర్చిలో నా ఐదు నిమిషాల ఇంగ్లీషు

ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో నన్ను సెమినార్ చెప్పమన్నారు. కడపలో మా కాలేజీ, నాది ఎలక్ట్రికల్ బ్రాంచి. ఠీవిగా బోర్డు దగ్గరకు పోయాను. "గుడ్ మార్నింగ్" దాకా బాగానే నడిచింది. తర్వాత నోరు పెగలలేదు. ఒక నిమిషం గుడ్లప్పగించి నిలబడి, ఏడుపు దిగమింగుకుని వచ్చి కూర్చున్నాను. వెనక బెంచీల వాళ్లు కిసుక్కున నవ్వారు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. నాలుగేళ్లు తిరిగేలోపు ఇంగ్లీషులో గలగలా మాట్లాడి ఉద్యోగం కొట్టకపోతే నేను మా అమ్మ కూతురినే కాదని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను.

ఉద్యోగం నాకు సరదా కాదు. ఇంట్లో అమ్మా నేనూ, ఇద్దరమే. మైదుకూరు దగ్గర పల్లె మాది. అమ్మ పసుపు చేలకూ, శనక్కాయ చేలకూ కూలికి పోయేది. నాకు ఉద్యోగం వచ్చిన మరుసటి రోజు నుంచి అమ్మ ఎండలో వంగకూడదు. అదొక్కటే నా పంతం.

కానీ ఎవరితో మాట్లాడి నేర్చుకోవాలి? హాస్టల్లో ఇంగ్లీషు మొదలుపెడితే రెండో వాక్యానికే పకపకా నవ్వి అందరం తెలుగులోకి దిగిపోయేవాళ్లం. ఒక సీనియర్ అక్క నన్ను కేకలేసింది. "గోడలతో మాట్లాడితే ఏమొస్తాదే? పది మంది ముందర నిలబడు. భయం పోవాల్నంటే అదొకటే దారి."

పది మంది అంటే నాకు గుర్తొచ్చింది మా పల్లె చర్చి. అక్కడ ఆదివారం పాటలయ్యాక సాక్ష్యాలుంటాయి. ఎవరైనా లేచి, ఆ వారం దేవుడు తమకు చేసిన మేలు నాలుగు మాటల్లో చెప్పి "ప్రైజ్ ద లార్డ్" అని ముగిస్తారు. అందరూ తిరిగి అదే మాట అంటారు. నేను ఎలాగూ వారం వారం ఇంటికి వచ్చేదాన్నే. ఆ సమయంలో ఐదు నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడుకుంటానని పాస్టరయ్యగారిని అడిగాను.

ఆయన గడ్డం గోక్కుని, "దేవునికి అన్ని భాషలూ వస్తాయిలే పాపా. మనోళ్లకే రావు. మాట్లాడుకో" అన్నారు.

మొదటి ఆదివారం మా కాలేజీ గురించి చెప్పాను. ఈసారి మాట ఆగలేదు. చివర "థాంక్యూ" అన్నాను. ఒక్కరూ కదల్లేదు. అయిపోయిందని వాళ్లకు తెలియలేదు పాపం! నలభై మంది కళ్లార్పకుండా నన్నే చూస్తున్నారు. ఏం చేయాలో తోచక "ప్రైజ్ ద లార్డ్" అన్నాను. అబ్బబ్బ, రేకుల కప్పు లేచిపోయేలా జవాబు వచ్చింది! ఒళ్లు ఝల్లుమంది. ఆ రోజు నుంచి ఏం మాట్లాడినా ఆ మాటతోనే ముగించేదాన్ని. ఊళ్లో నా పేరు 'ఇంగ్లీషు పాప' అయిపోయింది.

రెండో ఏడాది ట్రాన్స్‌ఫార్మర్లు, మోటార్లు, పేపర్లో చదివిన వార్తలు చెప్పాను. కడప బస్సులో నిలబడే ఆప్టిట్యూడ్ లెక్కలు చేసేదాన్ని. మూడో ఏడాది ప్రాజెక్టు దొరికింది. సోలార్ పలకల మీద దుమ్ము పడితే కరెంటు ఎంత తగ్గుతుందో కొలవాలి. మా సీమలో దుమ్ముకేం తక్కువ! కాలేజీ మిద్దె మీద రెండు పలకలు పెట్టాం. ఒకదాన్ని రోజూ కొళాయి పైపుతో కడిగాం, రెండోదాన్ని అలాగే వదిలేశాం. ఆ కొలతలు తీస్తుంటే నాకు ఆకలి కూడా గుర్తుండేది కాదు. ప్రతి ఆదివారం అదే చెప్పేదాన్ని, ఇంగ్లీషులో. అమ్మ ముందు వరుసలో చాప మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నన్నే చూసేది.

చివరి ఏడాది కర్నూలులో చాలా కాలేజీలకు కలిపి ఇంటర్వ్యూలు పెట్టారు. తెల్లవారుజామున మైదుకూరులో బస్సెక్కాను. నంద్యాల దాటేదాకా పెదాలు కదుపుతూనే ఉన్నాను. పక్క సీటు పెద్దాయన నాకు గాలి సోకిందనుకున్నాడేమో, కొంచెం జరిగి కూర్చున్నాడు.

పల్లెల్లో సోలార్ ప్లాంట్లు పెట్టే కంపెనీ అది. రాత పరీక్ష గట్టెక్కాను. లోపల ముగ్గురు కూర్చున్నారు. మీ గురించి చెప్పండి అన్నారు. ఇక చూసుకోండి! నా చదువు, నా ప్రాజెక్టు, ఎక్కడా తడబడకుండా ఇంగ్లీషులో దంచేశాను. దంచి, గొంతెత్తి, "ప్రైజ్ ద లార్డ్!" అన్నాను.

ఎవరూ తిరిగి అనలేదు. కొంప మునిగిందనుకున్నాను.

మధ్యలో కూర్చున్న మేడం మాత్రం నవ్వు ఆపుకుంటూ, "ఎక్కడ నేర్చుకున్నావమ్మా ఈ ఇంగ్లీషు?" అని తెలుగులోనే అడిగింది. దాచడానికేముంది, చర్చి సంగతి మొత్తం చెప్పేశాను.

"అయితే ఈ ప్రాజెక్టు వాళ్లకు చాలాసార్లు చెప్పావు. వాళ్లకేం అర్థమైంది?"

ఆ ప్రశ్న నాకు ఒక్కసారైనా తట్టలేదు. "ఏమీ లేదు మేడం" అన్నాను.

"మా పలకలు కడిగేది, చూసుకునేది ప్లాంట్లున్న ఊళ్ల ఆడవాళ్లే. రేపు నువ్వు పని చెప్పాల్సింది వాళ్లకే. మీ అమ్మకు చెప్పినట్టు చెప్పు, చూద్దాం."

"సౌర ఫలకాలపై ధూళి పేరుకున్నచో..." అని మొదలుపెట్టాను. మేడం చెయ్యి అడ్డం పెట్టింది. "మీ అమ్మతో ఇలాగే మాట్లాడతావా?"

నాకు రోషం వచ్చింది. కుర్చీ ముందుకు జరుపుకున్నాను. "ఇట్ల సూడుమ్మా. ఎండ ఈ పలక మీద పడితే కరెంటు పుడతాది. ఆ కరెంటే తీగల్లో మన ఇండ్లకొస్తాది. దుమ్ము పడిందనుకో, పలకకు ఎండ సరిగ్గా తగలదు. కరెంటు తగ్గిపోతాది. శానా తగ్గిపోతాది!" చేతులు తిప్పుకుంటూ ఎంతసేపు చెప్పానో తెలియదు. ఇంటర్వ్యూలో ఉన్నానన్న సంగతే మర్చిపోయాను.

సాయంత్రం పేర్లు చదివారు. నా పేరు వినగానే గట్టిగా అరిచేశాను. బస్టాండుకు రాగానే అమ్మకు ఫోన్ చేశాను. "వచ్చిందిమ్మా! ఉద్యోగం వచ్చింది!" అవతల వెక్కిళ్లు వినిపించాయి. బస్టాండులో జనం చూస్తున్నా సరే, నేనూ ఏడ్చేశాను. ఆనందం పట్టలేకపోయాను. తిరుగు బస్సులో మాత్రం సిగ్గేసింది. వారమంతా ఎండలో ఒళ్లు హూనం చేసుకుని చర్చికి వచ్చిన వాళ్లను అన్నేళ్లు కూర్చోబెట్టి, నేను ఏం చదువుతున్నానో వాళ్లకు అర్థమయ్యేలా ఒక్క ముక్క చెప్పలేదు.

ఆ ఆదివారం లేచి, మా మాటల్లో పలకలూ, ఎండా, దుమ్మూ అన్నీ చెప్పాను. ముగించబోతుంటే అమ్మ చెయ్యెత్తింది. సాక్ష్యంలో ఎవరూ ప్రశ్నలడగరు. చర్చి అంతా అమ్మ వైపు తిరిగింది.

"దుమ్ము పడితే కడగాల్నంటాండావు. ఎండాకాలం తాగేదానికే నీళ్లు ల్యాక బిందెలెత్తుకోని తిరగతాండాం. అన్ని పలకలు కడిగేదానికి నీళ్లు యాడ్నుంచి తెస్తారు?"

మిద్దె మీద మాకు కొళాయి ఉండేది. నేను గానీ, సార్లు గానీ నీళ్ల సంగతే ఆలోచించలేదు. "తెలీదుమ్మా" అన్నాను.

"ఇదేనా నువ్వు ఇన్నేండ్లూ చెప్పింది?" అంది అమ్మ. "అప్పుడే మన మాటల్లో చెప్పింటే, అప్పుడే అడిగింటి గదా పాపా."