రాజేశం సెలవు

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన మరుసటి ఏడు, రంజాన్ సెలవులు ముగిసిన వారంలో నన్ను రియాద్ మలాజ్‌లోని హెడ్డాఫీసు నుంచి జిజాన్‌కు బదిలీ చేశారు. హోదా సీనియర్ మెయింటెనెన్స్ ఇంజినీర్, రోప్‌వే విభాగం. జిజాన్ అనగానే అందరికీ ఓడరేవూ రిఫైనరీ గుర్తొస్తాయి. నా పని వాటికి తూర్పున, మబ్బులు తగిలే కొండల మీద. అక్కడ ఒక కొండ కొసన వినోదాల పార్కు కడుతున్నారు, కింది నుంచి దానికి కేబుల్ కార్ వేస్తున్నారు. రిటైర్మెంటుకు నాకింకా మూడేళ్లుంది. ఈ వయసులో కొండలెక్కడం ఏమిటని మా ఆవిడ కాకినాడ నుంచి ఫోన్లో విసుక్కుంది. ఎక్కేది నేను కాదు, పెట్టెలు అని చెప్పాను.

చూడ్డానికొచ్చే వాళ్లు మనుషులు కూర్చునే పెట్టెనే చూస్తారు. మా వృత్తిలో పెట్టెకు అంత గౌరవం లేదు, ప్రాణమంతా తాడులో ఉంటుంది. హాల్ రోప్ అనే ఆ ఉక్కు తాడు కింది స్టేషన్ చక్రాన్నీ పై స్టేషన్ చక్రాన్నీ చుట్టి వచ్చే ఒకే వలయం. కానీ ఫ్యాక్టరీ నుంచి అది రెండు కొసలతోనే వస్తుంది. ఆ కొసల్ని ముడి వేయకూడదు, వెల్డింగ్ చేయకూడదు. పురులు విప్పి, ఒకదాంట్లో ఒకటి అల్లి, ఎక్కడ కలిశాయో వేలికి కూడా తగలకుండా చేయాలి. దీన్నే స్ప్లైస్ అంటారు. తాడు మందానికి పన్నెండు వందల రెట్లు పొడవుండాలని నియమం, అంటే మా తాడుకు అరవై మీటర్ల అల్లిక. దీనికి సర్టిఫికెట్ ఉన్న నిపుణుడు ఐరోపా నుంచి రావాలి. ఆయన చెప్పినట్టు చేసే చేతులు మాత్రం మావి.

ఆ చేతుల్లో మొదటివి రాజేశానివి. రికార్డుల్లో అతను రిగ్గర్, అంటే బరువులెత్తించి తాళ్లు బిగించే పనివాడు. సిరిసిల్ల దగ్గరి పల్లె, నేత కుటుంబం. ముప్పై ఐదేళ్లుంటాయి. కొండ మీదికి సిమెంటూ ఇసుకా చేరవేయడానికి మేం వేసుకున్న చిన్న సామాన్ల లైను అతని చేతి కింద నడిచేది. తాడు మెల్లగా కదులుతుంటే దాని చుట్టూ గుడ్డ పట్టి నిలబడేవాడు. తెగిన తీగ ఉంటే గుడ్డ చిక్కుకుంటుంది, ఎవరికైనా తెలుస్తుంది. తెగబోయే తీగ ఎక్కడుందో చెప్పింది మాత్రం నా సర్వీసులో అతనొక్కడే. మగ్గం ముందు పుట్టినవాడు కదా, దారం తెగబోవడం ముందే తెలిసిపోతుందేమో.

ఒప్పందం ప్రకారం రెండేళ్లకోసారి నలభై ఐదు రోజుల సెలవు. రాజేశం వచ్చి మూడేళ్లు దాటింది. అంతకుముందు పెళ్లయి రెండు నెలలు కూడా ఇంట్లో లేడు. రెండుసార్లు అర్జీ పెట్టుకుంటే రెండుసార్లూ ‘పని ఒత్తిడి దృష్ట్యా’ అని రాసి వెనక్కి పంపింది నేనే. నువ్వు లేకపోతే లైను ఆగిపోతుందయ్యా అని భుజం తట్టి చెప్పాను. అది మెచ్చుకోలు అనే అనుకున్నాను. పని సరిగ్గా రాని ఇద్దరికి అదే నెలల్లో అడిగిన వెంటనే సెలవిచ్చాను, వాళ్లు లేకపోయినా నాకు తేడా ఏమీ ఉండదు గనుక.

కేబుల్ కార్ తయారీదారులు మాలో ఇద్దరికి శిక్షణ ఏర్పాటు చేశారు: ఇంజినీరుగా నేను, తోడుగా ఒక టెక్నీషియన్. చోటు వియత్నాం మధ్య భాగంలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక కొండ. దాని మీద మేం కట్టబోయేలాంటి పార్కే, మాలాంటి లైనే ఏళ్ల తరబడి నడుస్తోంది. టెక్నీషియన్ పేరు రాయమంటే ఆలోచించకుండా రాజేశం పేరు రాశాను. సెలవివ్వలేదన్న వెలితి ఈ ఫారిన్ ట్రిప్పుతో తీరిపోతుందని నా లెక్క. ఇఖామా అనే నివాస అనుమతి మీద ఉన్నవాడు దేశం దాటి మళ్లీ లోపలికి రావాలంటే ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా ఉండాలి. కంపెనీ అతనికి నెల రోజులకు తీసింది. శిక్షణ పదహారు రోజులే. మిగిలిన పద్నాలుగు రోజులు ఆ కాగితంలో ఉన్నాయన్న సంగతి నేను గమనించలేదు. అతను గమనించాడు.

విమానంలో సీటు ముందు చిన్న తెర మీద మ్యాప్ వస్తుంది. భోజనం అయ్యాక నేను కునుకు తీస్తుంటే రాజేశం నా మోచేతిని మెల్లగా తాకాడు. తెర మీద విమానం బొమ్మ ముంబై దాటి హైదరాబాద్ వైపు వస్తోంది.

“మన మీదికెల్లే పోతున్నం సార్,” అన్నాడు.

అవునన్నాను. కిటికీలోంచి చూస్తే కింద తెల్లటి మబ్బు తప్ప ఏమీ లేదు. అయినా విమానం బొమ్మ బంగాళాఖాతం మీదికి వెళ్లేదాకా అతను కిటికీ దగ్గర్నించి మొహం తిప్పలేదు.

శిక్షణ బాగా జరిగింది. అక్కడి ఫోర్‌మన్ ఒక నడివయసు స్త్రీ. ఆమెకు ఇంగ్లిష్ అంతంత మాత్రం, రాజేశానికి అసలే రాదు. ఇద్దరూ తాడు మీద చేతులు పెట్టి మాట్లాడుకున్నారు. నాలుగో రోజుకే పురి కొసను తాడు పొట్టలోకి దూర్చే పని, అంటే అల్లికలో అన్నిటికన్నా కష్టమైన భాగం, అతని చేత చేయించి మిగతా శిక్షణార్థులకు చూపించింది. నాకు ఛాతీ ఉప్పొంగింది. ఇతన్ని వదిలితే నాకు గతి లేదన్న సంగతి మరింత గట్టిపడింది కూడా.

పదో రోజు విశ్రాంతి. ఈ లైన్ మీద మీరూ ప్రయాణికుల్లా ఒకసారి పోయి రండని ఆమె చెరొక టికెట్ చేతిలో పెట్టింది. అడవి మీదుగా పావుగంట పైకి ఎక్కాం. పైన చల్లటి పొగమంచు, రాతి కోటల్లా కట్టిన హోటళ్లు, పూల మళ్లు, వీధిలో నాట్యం చేసే బృందాలు. అంతా కట్టుడు సోకే, అయినా జనం మొహాల్లోని సంతోషం కట్టుడుది కాదు. ఎటు చూసినా జంటలు. ఊరికే నిలబడ్డ రాజేశం చేతికి ఎవరెవరో ఫోన్లిచ్చి ఫొటో తీయమనేవారు. ఓపిగ్గా వంగి, పక్కకు జరిగి, కోట గోపురం కూడా వచ్చేట్టు తీసి ఇచ్చాడు. చాలాసేపు అదే పని. తను మాత్రం ఒక్క ఫొటో దిగలేదు. దిగమంటే, “ఎవలకు పంపాలె సార్?” అన్నాడు.

ఒక దుకాణంలో పట్టు కండువాలని రాసి ఉంటే వెళ్లి రెండు వేళ్ల మధ్య నలిపి చూశాడు. “పట్టు కాదు సార్, పాలిస్టర్. గిది మా సిరిసిల్లలనే నేస్తరు,” అని నవ్వి వదిలేశాడు. తర్వాత కింది ఊరి బజారంతా తిరిగి అసలు పట్టు దొరికాకే కొన్నాడు.

దిగేటప్పుడు పెట్టెలో మేమిద్దరమే. సగం దారిలో వేగం తగ్గింది, ఆ తర్వాత లైను ఆగిపోయింది. భయపడాల్సింది కాదు. స్తంభాల మీది గాలి మీటరు హద్దు దాటిందని చూపిస్తే లైను ఆపుతారు, గాలి తగ్గేదాకా అంతే. కింద అడవి మీద వాన పడుతోంది. నా ఎదుటి సీట్లో మా ఆవిడ కూర్చుని ఉంటే ఎంత బాగుండుననిపించింది. ఆమె తన టీచర్ ఉద్యోగం వదల్లేదు, నేను నాది వదల్లేదు. ఏడాదికి ముప్పై రోజుల కాపురం మాది. అయితే నా మనసు తేలిగ్గానే ఉంది. శిక్షణ అయ్యాక నేను హైదరాబాద్ మీదుగా కాకినాడ వెళ్లి వారం ఉండబోతున్నాను. నా గ్రేడుకు ఆ వెసులుబాటు ఉంది. రాజేశం టికెట్ తిన్నగా జిజాన్‌కు.

అప్పుడు అడిగాడు. మొహం కిటికీ వైపే ఉంచి మాట్లాడాడు.

“లత రెండు నెలల సంది ఫోన్ ఎత్తుతలేదు సార్. అస్తనని రెండుసార్లు జెప్పి రెండుసార్లు తప్పితిని. ఇగ నువ్వు ఫోన్‌లనే ఉండు, నాకద్దు అన్నది. మీతోని నన్ను గూడ తీస్కపోరాదుండ్రి. మూడు దినాలు. మొఖం జూపిచ్చి అస్త.”

నాకు అంతా అర్థమైంది. అర్థమై కూడా, సరిగ్గా ఇలా జవాబు చెప్పాను: తాడు జిజాన్ రేవుకు చేరింది, స్ప్లైస్ నిపుణుడు వచ్చే తేదీ ఖాయమైంది, నువ్వు లేకుండా ఆయన వచ్చి ఏం చేస్తాడు, పైగా నిన్ను తిన్నగా వెనక్కి తెస్తానని నేను సంతకం పెట్టాను. నోటితో చెప్పనిది ఇంకొకటుంది. ఇంటికి వెళ్తే తిరిగి రాడేమోనన్నది నా భయం.

“సరే సార్,” అన్నాడు.

విమానాశ్రయంలో కాగితంలో చుట్టిన పట్టుబట్ట నా చేతికిచ్చి, హైదరాబాద్‌లో కొరియర్ చేయమని చిరునామా రాసిచ్చాడు. కాకినాడ చేరాక ఈ సంగతంతా మా ఆవిడకు మామూలుగా చెప్పాను. ఆమె కూర తరగడం ఆపి, “అతన్ని అటు పంపేసి మీరిటు రావడానికి మీకు కాళ్లెలా వచ్చాయండీ?” అంది. సర్దిచెప్పబోయాను. కొరియర్ గిరియర్ వద్దు, మీరే తీసుకెళ్లి ఇవ్వండి అని తేల్చేసింది. సెలవులో చివరి రోజు సిరిసిల్ల బస్సెక్కాను.

లత గడపలో కూర్చుని బీడీలు చుడుతోంది. ఒళ్లో చాట, అందులో కత్తిరించిన ఆకు. ఫలానా అని చెప్పుకున్నాను. మంచినీళ్లిచ్చి మళ్లీ చాట ముందు కూర్చుంది.

“సెలవియ్యనిది మీరేనా సార్?”

ఔనన్నాను. ఆ పైన ఉపన్యాసం మొదలుపెట్టాను. అరవై మీటర్ల అల్లిక, ప్రయాణికుల ప్రాణాలు, అంతమందిలో రాజేశం ఒక్కడికే ఉన్న నేర్పు. నేనొచ్చి చెబితే మొగుడి గొప్పతనం తెలిసి ఆమె మెత్తబడుతుందని నా నమ్మకం. ఆమె చేతులు ఆగలేదు. అంతా విని నెమ్మదిగా అంది:

“పని మంచిగ జేస్తడని ఇంటికి పంపకపోతిరి. పని రానోడైతె ఎప్పుడో ఇంట్ల ఉంటుండె.”

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో పై అధికారులు చాలామంది నన్ను నిలదీశారు, ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. పొట్లం ముందు పెట్టాను. విప్పి, బట్ట అంచును వేళ్లతో ఒక్కసారి తడిమి, ఉన్న మడతల్లోనే మళ్లీ చుట్టి నాకు తిరిగి ఇచ్చేసింది.

“గిది నేను మీ చేతుల మీద తీస్కోను సార్. ఆయననే తెచ్చియ్యమనుండ్రి.”

జిజాన్‌కు తిరిగి వెళ్లేసరికి స్ప్లైస్ పూర్తయింది. నిపుణుడు సంతకం పెట్టి వెళ్లిపోయాడు, రాజేశం చేతిని ప్రత్యేకంగా మెచ్చుకుంటూ రిపోర్టులో ఒక వాక్యం రాశాడు. రాజేశం కింది స్టేషన్‌లో చక్రం దగ్గర గ్రీజు తుడుచుకుంటున్నాడు. పొట్లం నా చేతిలోనే ఉండటం దూరం నుంచే చూశాడు. తప్పు చేసినవాడిలా నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పాను. నన్ను అన్న మాట కూడా దాచలేదు.

అతని మొహం వాడిపోతుందనుకున్నాను. అతను గ్రీజు గుడ్డ కింద పడేసి దగ్గరికి వచ్చాడు.

“మాట్లాడిందా సార్? ఆఖర్న ఏమన్నది? మల్ల జెప్పుండ్రి.”

ఆమె అన్న ఆఖరి మాట నా కాకినాడ యాసలోనే మళ్లీ చెప్పాను: ఆయన్నే తెచ్చి ఇమ్మనండి.

“అట్ల గాదు సార్, ఆమె ఎట్లన్నదో అట్లనే జెప్పుండ్రి.”

గ్రీజు డబ్బాల మధ్య నిలబడి, తెల్ల హెల్మెట్ పెట్టుకున్న సీనియర్ ఇంజినీరుని నేను, రాని యాసలో ఆ మాట మూడుసార్లు చెప్పాను. నేను తిరస్కారంగా మోసుకొచ్చిన మాటలో అతనికి రమ్మన్న పిలుపు వినిపించింది. రెండు చేతుల్తో మొహం కప్పుకుని నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు. “రమ్మన్నది సార్,” అన్నాడు.

ఆ మధ్యాహ్నమే సెలవు కాగితం నేనే నింపి, రియాద్‌కు నేనే ఫోన్ చేసి ఎగ్జిట్ రీ-ఎంట్రీ వేయించాను. నలభై ఐదు రోజులకు వెళ్లినవాడు ఇంకో పదిహేను రోజులు పొడిగించమంటే పొడిగించాను. కారణం అడగలేదు. తిరిగి వచ్చాడు, ఇంకొక ఏడాది పనిచేసి ఫైనల్ ఎగ్జిట్ మీద శాశ్వతంగా ఇంటికి వెళ్లిపోయాడు. రాజేశం తన కింద తయారుచేసిన ఫిలిప్పీన్స్ కుర్రాళ్లిద్దరు అతను లేనప్పుడు గుడ్డ పట్టి తాడు చూసుకున్నారు. వాళ్లకా పని వచ్చన్న సంగతి నేనెప్పుడూ విచారించి ఉండలేదు.

ఆ తర్వాత నా విభాగంలో సెలవు గడువు దాటినవాళ్ల జాబితా వేసి, పనితనంతో సంబంధం లేకుండా వరసలోనే ఇచ్చాను. రిటైరయ్యేటప్పుడు నా స్థానంలోకి వచ్చిన ఆయనకు కూడా అదే రాసిచ్చాను. రాజేశం లేని ఆ అరవై రోజుల లాగ్‌బుక్కు నేను పేజీ పేజీ చూశాను. లైను ఒక్క రోజు కూడా ఆగలేదు. ఆగిపోతుందని అతనికి రెండుసార్లు చెప్పినవాణ్ని నేనే.