ఎవరూ అడగని అడ్డపొగ

మీ ఇంట్లో ఆడవాళ్లు చుట్ట తాగుతారా? కోపం తెచ్చుకోకండి, జవాబు చెప్పండి. తాగరంటారా? ఎలా తెలుసు, అడిగారా? మా పొరుగింటి వదినని కూడా ఎవరూ అడగలేదు. అందుకే ఆమె ప్రాణం మీదికి వచ్చింది.

విశాఖ మన్యంలో చింతపల్లి పైన, నేను బడి పంతులమ్మగా చేసి స్థిరపడిపోయిన ఊళ్లో ఆమెకి కాస్త కాఫీ తోట ఉంది. సిల్వర్ ఓక్ చెట్లకి మిరియం తీగ పాకించింది. ముగ్గురు పిల్లలు. వయసు నలభైకి దగ్గర పడుతోంది. నాలుగో కాన్పు వద్దనుకుంది. మొగుణ్ణి ఆపరేషన్ చేయించుకోమంటే "తరవాత బరువులెత్తలేను" అన్నాడు. ఆయన ఎత్తగా నేను చూసిన బరువు జీలుగు కల్లు కుండ ఒక్కటే. మాత్రలు మింగడం ఆమె మరిచిపోయేది. చివరికి పట్నంలో ఒక ప్రైవేటు డాక్టరు గర్భం రాకుండా ఉంగరం రాసిచ్చాడు.

గాజు కన్నా చిన్నది, మెత్తగా వంగుతుంది. యోనిలో తనే పెట్టుకోవాలి. మూడు వారాలు ఉంచి తీసెయ్యాలి, వారం ఆగి కొత్తది పెట్టుకోవాలి. అందులోంచి హార్మోన్లు కొద్దికొద్దిగా ఒంట్లోకి దిగి అండం విడుదల కాకుండా ఆపుతాయి. ఇదీ సంగతి. ఆమెకి నచ్చింది. ఊరికి నచ్చలేదు.

మొదట అత్తగారు. కుళాయి దగ్గర అందరూ వినేలా అడిగింది: "ఓలమ్మ, అది పైకెక్కిపోయి గుండెకి సుట్టుకుంటే ఏటి సేత్తావే?"

పైకి దారి లేదని నేనే చెప్పాను. యోని చివర గర్భాశయం ముఖం ఉంటుంది, ఆ సన్నని రంధ్రంలోంచి ఉంగరం దూరదు. ఎప్పుడైనా కిందికి జారొచ్చు, అంతే. ముసలామె నమ్మినట్టే తలూపి, మర్నాడు అదే కుళాయి దగ్గర అదే ప్రశ్న అడిగింది.

తరవాత మొగుడు. మా అరుగు మీద కూర్చుని నేల చూస్తూ, "నాకేటీ అవదు గదా, టీచరమ్మా?" అన్నాడు.

"నీకు తెలియను కూడా తెలియకపోవచ్చు. తెలిసినా బాధేమీ ఉండదు."

"మరి మగతనం...?"

"దాన్ని ఉంగరం ఎత్తుకుపోదు బాబూ. ఉంటే ఉంటుంది."

ఆదివారం పాస్టరుగారు పేరు చెప్పకుండా ఆమె వైపే చూస్తూ, దేవుడు తెరిచిన గర్భాన్ని మూయడానికి మనమెవరమని గర్జించారు. ఆయనకి ఇద్దరే పిల్లలు, మధ్యలో చక్కగా ఎడం. దేవుడు ఆయన ఇంటి దగ్గర మాత్రం తెరవడంలో పొదుపు పాటించాడన్న మాట. పాస్టరుతో ఒకే చాప మీద ఎన్నడూ కూర్చోని మా దిసారి, అదే మన ముహూర్తాలు పెట్టే పెద్దమనిషి, ఈ ఒక్క విషయంలో ఆయనతో కలిశాడు. ఉంగరం చెడ్డ తిథిన పెట్టుకుందన్నాడు. మంచి తిథి ఏదయ్యా అంటే కోడిని తెమ్మన్నాడు.

ఇన్ని ప్రశ్నలు వేసిన ఊళ్లో అసలు ప్రశ్న ఒక్కరికీ తట్టలేదు. పట్నం డాక్టరు అడిగే ఉంటాడులే అని నేను అనుకున్నాను.

చలికాలం పొద్దున, మా వాకిట్లో నెగడు దగ్గరికి ఆమె కుంటుతూ వచ్చింది. కూర్చుని చుట్ట ముట్టించింది. నిప్పున్న కొసని నోటి లోపల పెట్టుకుని పెదాలు మూసింది. ఇక్కడి ఆడవాళ్లు తరతరాలుగా తాగే అడ్డపొగ అదే. ఒక చేత్తో ఎడం పిక్క పిసుక్కుంటోంది.

"పట్టేసింది వదినా. కొండెక్కి దిగినాను గదా."

చూశాను. ఆ ఒక్క కాలే వాచింది. ముట్టుకుంటే వెచ్చగా ఉంది.

"వదినా, నువ్వు చుట్ట తాగుతావని డాక్టరుకి చెప్పావా?"

"అడిగితే గదా! మీ ఆయన తాగుతాడా అని అడిగినాడు. కల్లు తాగుతాడు, బీడీ కాలుస్తాడు అన్నాను. రాసుకున్నాడు."

"నిన్నో?"

"నన్నెందుకు అడుగుతాడు?" అని నవ్వింది. "నిప్పు నోట్లో ఉంటే పైకేటి కనపడతాది?"

ముప్పై అయిదు దాటి పొగ తాగే ఆడమనిషికి ఈ ఉంగరం గానీ, ఇవే హార్మోన్లున్న మాత్రలు గానీ ఇవ్వకూడదు. పొగా, ఆ హార్మోన్లూ కలిస్తే రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. ఆ గడ్డ కాల్లో ఏర్పడి ఊపిరితిత్తికి పోవచ్చు, మెదడులోనూ ఏర్పడవచ్చు. అప్పుడిక మనిషి దక్కడం కష్టం. నిప్పు లోపలుంటే పొగ పొగ కాకుండా పోతుందా?

"ఆ చుట్ట పారెయ్. బేగి రా, జీపెక్కాలి" అన్నాను.

మా ఊరి జీపు జనంతో నిండితే గాని కదలదు. ఆమె మొహం చూసి డ్రైవరు ఆ పూట కదిలించాడు. ఘాట్ మలుపుల్లో ఆమెకి ఆయాసం వస్తుందేమోనని ప్రతి ఊపిరీ వింటూ కూర్చున్నాను. ఆస్పత్రిలో స్కాన్ తీశారు. పిక్క సిరలో గడ్డ ఉంది, ఇంకా పైకి పోలేదు. ఉంగరం తీయించి ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. అక్కడి డాక్టరు కూడా నా వైపు తిరిగి, "ఈవిడ పొగ తాగదు కదండీ?" అన్నాడు.

మంచం మీంచి ఆమె, "అడ్డపొగ తాగుతాను, బాబూ. నన్నడుగు" అంది.

ఆమె బతికింది. ఊళ్లో పాస్టరుగారు దేవుడి హెచ్చరిక అన్నారు, దిసారి తిథి అన్నాడు, ఇద్దరూ గెలిచారు. ఉంగరం పాపమైతే పట్నంలో అది పెట్టుకుని హాయిగా ఉన్న ఆడవాళ్లని దేవుడు మరిచిపోయాడా? ఉంగరం రాసిన డాక్టరు దగ్గరికే నేను వెళ్లి, ఆమెని ఎందుకు అడగలేదన్నాను. "మన ఆడవాళ్లు తాగరండీ, మన సంస్కృతి కాదు" అన్నాడు. ఆయన సంస్కృతే ఆమె కాల్లో గడ్డకట్టింది.

ఆమె ఇక ఆ రకం హార్మోన్లు వాడకూడదు. మిగిలిన వాటిలో తేలికైన దారి ఆమె ఒంట్లో లేదు, మొగుడి ఒంట్లో ఉంది. చిన్న ఆపరేషన్, కొద్ది రోజుల్లో పనికి పోవచ్చు. ఆయన ఇంకా బరువుల గురించే ఆలోచిస్తున్నాడు.

మీరు డాక్టరు కావచ్చు, నర్సు కావచ్చు, పెళ్లాం చేత మాత్రలు మింగిస్తున్న మొగుడు కావచ్చు. ఈ పూటే ఆమె ముందు కూర్చుని అడగండి. సిగరెట్టు అని ఊరుకోకుండా బీడీ, చుట్ట, అడ్డపొగ అని పేరుపేరునా అడగండి. మొగుణ్ణి కాదు, అత్తని కాదు, ఆమెనే అడగండి.