మీ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది

ఎకనామిక్స్‌లో ఎమ్మే చేసి రాజమండ్రిలో ఖాళీగా కూర్చున్న రోజుల్లో నాకు దొరికిన మొదటి ఉద్యోగం ఇంటింటికీ తిరిగి ప్రశ్నలడగడం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. ఆడవాళ్ళకి రిజర్వు చేసిన పంచాయతీల్లో పనుల ఎంపిక మారుతుందా, ఇంట్లో ఎవరి మాట మీద ఎవరు ఓటేస్తారు, ఇదీ మా పరిశోధన. ఆడవాళ్ళని విడిగా, ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలని మాకు గట్టిగా చెప్పి పంపారు. ఆ నియమం రాసినాయన మా గోదావరి జిల్లాల్లో ఒక్క ఇంటి గుమ్మం కూడా ఎక్కి ఉండడని మొదటి రోజే అర్థమైంది.

కొవ్వూరు దాటాక కాలవ పక్కన ఒక ఊరు. అక్కడ పంచాయతీ ప్రెసిడెంటు ఒకావిడ. కానీ ఊళ్ళో ప్రెసిడెంటు గారంటే ఆవిడ భర్త. ఆవిణ్ణి ప్రెసిడెంటు గారి భార్య అంటారు, ఆవిడకి ఓటేసిన వాళ్ళతో సహా. నేను వెళ్ళిన ప్రతిసారీ ఆయన వరండాలో పడక్కుర్చీలో కూర్చుని, ఆవిణ్ణి అడిగినవాటికి తనే జవాబిచ్చేవాడు. ఆవిడ తలుపు పక్కన నిలబడి నవ్వేది.

“ఊరికి ముందుగా కావాల్సిందేంటండీ?” అన్నాను ఆవిడ వైపే చూస్తూ.

“సిమెంటు రోడ్డండి, రైసుమిల్లు దాకా,” అన్నాడాయన. “మా ఆవిడ మాటా అదే. రాసుకోండి.”

నాకు ఒళ్ళు మండింది. పైకి మాత్రం అలాగేనండి అన్నాను.

తరవాత వెళ్ళేసరికి ఆ ఇంట్లో ఆవకాయ పెడుతున్నారు. స్నానం చెయ్యని వాళ్ళు ఆవకాయ కలిపే గదిలో అడుగు పెట్టకూడదని వాళ్ళింటి పద్ధతి. ఆయన పొలం నుంచి చెమటలు కక్కుకుంటూ వచ్చి గుమ్మం బయటే ఆగిపోయాడు. ఆవిడ నన్ను “స్నానం చేసే వచ్చారాండీ?” అని అడిగి లోపలికి రానిచ్చింది. మా నియమం చెయ్యలేని పని ఆవకాయ చేసిపెట్టింది.

ఆవిడకి మోచేతుల దాకా నూనె, కారం అంటుకుని ఉన్నాయి. కలుపుతూనే గొంతు తగ్గించి చెప్పింది.

“మా పుట్టిల్లు ఈ ఊరేనండి, కాలవ గట్టు వీధి. అక్కడ కుళాయి లేదు. ఎండాకాలం కాలవలకి నీళ్ళు కట్టేశారంటే ఊరవతల బోరు నుంచి మా అమ్మే బిందె మోసుకోవాలి. మోకాళ్ళు పంచెయ్యవు. మొన్న జారిపడింది కూడానండి.”

“మీ ఇంట్లో కుళాయి ఉందిగా. ఎవరిచేతనైనా పంపించకూడదూ?”

“అల్లుడింటి నీళ్ళు తాగనంటాదండి. మళ్ళీ పడితే లేవదని నా భయం.”

ఆ ఏడాది పంచాయతీకి ఒక్క పనే వస్తుంది. రోడ్డా, కుళాయిలా అన్నది వచ్చే వారం గ్రామసభలో తేలాలి. మీరే కదండీ ప్రెసిడెంటు, అన్నాను. తీర్మానం ఇంటికే వస్తుందనీ, ఆయన చూపించిన చోట సంతకం పెడతాననీ చెప్పింది.

“మరి ఓటు? అది కూడా ఆయన చెప్పినదానికేనా?”

“అక్కడ లోపల నేనొక్కదాన్నే కదండీ,” అని జాడీలో ముక్కలు అదిమింది.

మా సర్వే అంటే ఆయనకి పరీక్షలాంటిది, తన ఊరు తప్పకూడదు. అందుకని గ్రామసభలో భార్య చేత మాట్లాడించాలని నిశ్చయించుకున్నాడు. ఏం చెప్పాలో వారం ముందు నుంచీ వల్లె వేయించాడు. ఆ రోజు బడి ముందు షామియానా కింద ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, నా వైపు ఓ చూపు చూసి, “మన ప్రెసిడెంటు ఈవిడేనండి. ఈవిడ ఏ పని చెబితే అదే తీర్మానం, నాదేం లేదు,” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆవిడ లేచింది. నేర్పిన నమస్కారాలన్నీ వరసగా చెప్పింది. రోడ్డు మాట చెప్పాల్సిన చోట భర్త వైపు ఓసారి చూసింది.

“కాలవ గట్టు వీధికి కుళాయిలు వేయిద్దామండి. మా వారి మాటా అదే. రాసుకోండి,” అంది పంచాయతీ కార్యదర్శితో.

వెనక నిలబడ్డ గట్టు వీధి ఆడవాళ్ళు ముందు చేతులెత్తారు. ఊరంతా విన్న మాట వెనక్కి తీసుకోలేక ఆయనా చెయ్యెత్తాడు. నాకు ఈల వెయ్యాలనిపించింది కానీ సర్వే వాళ్ళు అలాంటివి చెయ్యకూడదు.

మరుసటి ఏడాది రెండో విడత ప్రశ్నలకి మళ్ళీ వెళ్ళాను. గట్టు వీధిలో ఆవిడ తల్లి గుమ్మం ముందే బిందె పెట్టుకుని, ధార సన్నగా వస్తోందని కుళాయిని తిడుతోంది. అక్కణ్ణించి ప్రెసిడెంటు ఇంటికెళితే వరండాలో ఆయన, “నేనే వేయించానండి,” అన్నాడు. ఈసారి వంటింట్లోకి వెళ్ళి ఆవిణ్ణి చివరి ప్రశ్న అడిగాను, మీ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందని.

“ఆయనదేనండి.”

“అదేంటండీ, కుళాయిలు వేయించింది మీరు కదా?”

“అవతల చేలగట్టున ఇంకో వీధి ఉందండి. వాళ్ళకీ నీళ్ళు లేవు. తన మాటే చెల్లుతోందనుకుంటేనే ఆయన నన్ను మళ్ళీ లేచి మాట్లాడనిస్తారు. ఆయనదే అని రాయండి.”

భర్త అన్న గడిలో టిక్కు పెట్టాను. ఆ ఊళ్ళో ఆడవాళ్ళ మాట చెల్లదని మా వాళ్ళు లెక్క తేల్చారు. దాని మీద నాకు ఇప్పటికీ కోపమే, కానీ ఆవిడ రాయమన్నదే రాశాను.